చిన్న గ్లాసు

ఇరవై ఆరేళ్లలో మాస్టారి కొట్టు నుంచి బాగై వెళ్లిన వస్తువు తిరిగి గుమ్మం ఎక్కడం అదే మొదలు. పళ్ల డాక్టరుగారి క్లినిక్కులో ఎక్స్‌రేలు చూసుకునే కంప్యూటరుకి కరెంటు అందించే ఇనప డబ్బా అది. పన్నెండు రోజుల కిందట బాగు చేసి పంపారు. మంగళవారం పొద్దున్నే దాన్ని గుడ్డ సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టింది క్లినిక్కులో కౌంటరు చూసుకునే అమ్మాయి కాదు, వీధికి ఆ పక్కన అద్దాల సర్వీసు సెంటరు నడుపుతున్న ఫ్యూజు.

ఫ్యూజు ఒకప్పుడు ఇదే బల్ల దగ్గర పని నేర్చుకున్నవాడు. మొదటి వారంలోనే పదకొండు ఫ్యూజులు మాడ్చినందుకు మాస్టారు పెట్టిన పేరది. ఇప్పుడు నలభై దాటాయి, కింద తొమ్మిదిమంది పనివాళ్లున్నారు. అయినా ఆ పేరుతో పిలిచే హక్కును మాస్టారు వదులుకోలేదు, పలికే అలవాటును అతనూ మానలేదు.

కర్టెను వెనక మాస్టారమ్మ చేతిలో పని ఆపి నిలబడిపోయింది.

ఆ కొట్టు గుట్టు ఆలుమగలిద్దరికే తెలుసు. రెండేళ్లుగా మాస్టారి చేతులు వణుకుతున్నాయి. ప్రాణం తియ్యదు, నయమూ కాదు అన్నాడు చూసిన డాక్టరు. వణికే చెయ్యి స్క్రూ తిప్పగలదు గానీ, బియ్యపుగింజంత చోట టంకం పెట్టలేదు. అందుకని మాస్టారు ముందు గదిలో డబ్బా విప్పి, చూసి, వాసన పట్టి, రోగం ఏమిటో తేలుస్తారు. "ఐరన్ వేడెక్కాలి" అంటూ దాన్ని కర్టెను వెనక్కి పట్టుకెళ్తారు. అక్కడ టంకం పెట్టే ఆ ఐరన్ పట్టుకునేది మాస్టారమ్మ. ఇరవై నాలుగేళ్లు ఆయన పక్కన నిలబడి చూసిన పని రెండేళ్లలో ఆవిడ వేళ్లలోకి దిగింది.

"ఈ సంగతి నలుగురికీ తెలిసిన రోజున షట్టరు దించేసి, తాళంచెవి కాలవలో పారేస్తాను," అని మాస్టారు మొదట్లోనే చెప్పారు. ఒక్కసారే చెప్పారు. ఆవిడ మర్చిపోలేదు. కర్టెను వెనక ఆ మూరెడు బల్ల, దీపం, ఐరన్ - ఇవి లేకపోతే తన చేతులకి మళ్లీ అంట్లూ బట్టలే గతి అని ఆవిడకి తెలుసు. యాభై మూడేళ్ల వయసులో దొరికిన పనిని పోగొట్టుకోవడం ఆవిడకి ఇష్టం లేదు.

"కూర్చోరా," అన్నారు మాస్టారు.

"కూర్చుంటే పని జరగదండి. కుర్చీ దొరికినవాడికి బుర్ర దొరకదని మీరే అనేవారు."

"నేనన్న మాటలన్నీ నాకే అప్పజెప్పడానికి వచ్చావా?"

"డబ్బా అప్పజెప్పడానికి వచ్చాను. డాక్టరుగారు నిన్న పొద్దున నాకు పంపించారు. మాస్టారి పని చెడిందని ఊరంతా టముకు వేసే రకాన్ని కాను నేను. అందుకే సంచీలో పెట్టి తెచ్చాను."

"సంచీలో దాచావు గానీ మొహంలో దాచలేకపోతున్నావు."

ఫ్యూజు నవ్వి, స్క్రూడ్రైవరు తీశాడు. నాలుగు స్క్రూలు ఒకటొకటే రేకు మీద పడిన చప్పుడు కర్టెను వెనక్కి వినపడింది.

"ఇదిగోండి. పెద్ద కండెన్సర్లు రెండూ మార్చారు. పాతవి ఉబ్బి ఉంటాయి. అది గుడ్డివాడు తడిమినా తెలుస్తుంది. దానికి నేనేమీ అనను. కానీ ఇది మీ చెయ్యి కాదు."

మాస్టారు చూపు వీధి మీదికి తిప్పారు.

"బోర్డు వెనక్కి తిప్పి చూడండి. మీరు కండెన్సరు కాళ్లు కుడికి వంచి టంకం పెడతారు. మీ దగ్గర నేర్చుకున్న పాపానికి నాకూ అదే అలవాటు. ఇవి రెండూ ఎడమకి వాలి పడుకున్నాయి. ఎవరో పుర్రచేతివాటం మనిషి చేశాడు."

మాస్టారమ్మ తన ఎడమచేతి వంక చూసుకుంది. ఇన్ని బోర్డుల అడుగున ఆ చేతి సంతకం పడుతోందని ఆవిడకి ఇంతవరకూ తోచలేదు.

"పని మాత్రం, ఉన్నమాట చెప్పాలి, ముత్యాల్లా ఉందండి," ఫ్యూజు గొంతు మారింది. "ఇంత శుభ్రంగా పెట్టేవాడు మా తొమ్మిదిమందిలో ఒక్కడు లేడు. ఎవడండీ వాడు? ఎక్కడ పట్టారు? మీకు కావాలంటే ఇద్దర్ని పంపిస్తాను, వాణ్ణి నాకిచ్చెయ్యండి."

కర్టెను ఇవతల మాస్టారమ్మ ఆ మాట రెండుసార్లు మనసులో అనుకుంది. ముత్యాల్లా. రెండేళ్లుగా పొగడ్తలన్నీ ముందు గదిలోనే ఆగిపోయేవి. మాస్టారు వాటిని అందుకుని, లోపలికి వచ్చి, భోజనం వడ్డించమనేవారు. ఆయన వాటిని దొంగిలించారని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. తనకి చేరవలసినవని కూడా అనుకోలేదు.

"ఉన్నాడులే ఒకడు," అన్నారు మాస్టారు. "ముందు రోగం సంగతి చెప్పు."

"పొద్దున స్విచ్చి నొక్కితే లేవదు. పదకొండు దాటి గది కాస్త వెచ్చబడ్డాక లేస్తుంది. లేచిందంటే ఇక సాయంత్రం దాకా గుర్రమే. మర్నాడు పొద్దున మళ్లీ మొదటికే."

"చిన్న కండెన్సరు," మాస్టారు వెంటనే అన్నారు. "వేడి రేకు పక్కది. ఎండిపోయింది."

ఆ డబ్బాలు ప్లగ్గు పెట్టగానే ఒక్కసారిగా మేలుకోవు. ముందు ఒక మూల చిన్న సర్క్యూటు కళ్లు తెరిచి తక్కినవాటిని లేపుతుంది. ఆ మూలని నిలబెట్టేది వేలిగోరంత కండెన్సరు. ఏళ్ల తరబడి వేడి రేకు పక్కనే ఉండి ఉండి దాని లోపలి తడి ఆరిపోతుంది. పెద్దవాటిలా పొట్ట ఉబ్బదు, కారదు. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. వెచ్చగా ఉంటే ఎలాగో నెట్టుకొస్తుంది, చల్లబడితే చేతులెత్తేస్తుంది.

"అదే!" ఫ్యూజు బల్ల మీద చరిచాడు. "అది తట్టడానికి నాకు అరపూట పట్టింది. మీకు కుర్చీ కదలకుండానే తెలిసింది. మరి ఆవేళ ఎందుకు వదిలేశారు? నేను కావాలనే మార్చలేదు. మీరేం చెప్తారో విందామని తెచ్చాను."



"నేను వదల్లేదు," అన్నారు మాస్టారు. "చిన్నది కూడా మార్చమని చెప్పాను. వాడు వినిపించుకోలేదు. అందుకే మానిపించేశాను."

మాస్టారమ్మకి ముందు కోపం రాలేదు. ఎప్పుడు చెప్పారు అని వెతుక్కుంది. పన్నెండు రోజుల వెనక్కి వెళ్లి ఆ పూటంతా తిరగేసింది. దొరికింది.

గిరాకీ ముందు గదిలో బెంచీ మీద కూర్చుంటే, మధ్యన ఉన్నది పల్చటి కర్టెను ఒక్కటే. ఏది మార్చాలో మాస్టారు పైకి చెప్పడానికి లేదు. అందుకని ఇద్దరూ ఇంటి మాటలు అడ్డం పెట్టుకున్నారు. కండెన్సరు బోర్లించిన గ్లాసులా ఉంటుంది కాబట్టి దానికి గ్లాసని పేరు. పెద్దవి పెద్ద గ్లాసులు, చిన్నవి చిన్న గ్లాసులు. కరెంటు ఫ్యూజుకి పేరు దీపం. కరెంటుని వడగట్టే ముక్క జల్లెడ. "జల్లెడ ఓసారి చూడు" అంటే దాన్ని మీటరుతో చూడమని. బెంచీ మీద ఎదురుచూస్తున్న ఒక పెద్దావిడ ఓసారి ఉండబట్టలేక, "మీ ఆయనది ఎంత శుభ్రమమ్మా, పూటకి ఎన్ని గ్లాసులు మార్పిస్తాడు!" అంది.

ఆవేళ కౌంటరు అమ్మాయి డబ్బా తీసుకునే వెళ్తానని బెంచీ మీద కూర్చుని, పళ్లు పీకించుకునే వాళ్ల కథలు ఒకటే చెప్పింది. మాస్టారు మళ్లీ లోపలికి రావడానికి సందు దొరకలేదు. పెద్ద గ్లాసుల సంగతి డబ్బా లోపల ఇచ్చినప్పుడే చెప్పారు. ఆవిడ రెండోదానికి టంకం పెడుతూ ఉండగా ముందు గదిలోంచి కేక వినపడింది: "ఇదిగో, చిన్న గ్లాసు మార్చు, చల్లారిపోయింది."

పది నిమిషాల ముందే ఆయనకి టీ ఇచ్చింది ఆవిడ. ఐరన్ పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, కొత్తగా టీ కాచి, వేరే గ్లాసులో పోసి తీసుకెళ్లింది. మాస్టారు తాగారు. కౌంటరు అమ్మాయికీ ఒక గ్లాసు ఇచ్చింది.

అంటే ఆయన అడిగింది కండెన్సరు. తను తెచ్చింది టీ. తను చేతిలో గ్లాసుతో వస్తే, నాటకం బాగా రక్తి కట్టిస్తోంది అనుకుని ఉంటారాయన.

తప్పు తనదేనని తేలాక, మానిపించేశాను అన్న మాట అప్పుడు గుచ్చుకుంది. రెండేళ్లలో రెండు గిన్నెలు పగలగొట్టిన పనిమనిషిని కూడా అలా అనరు. ఆవిడ షట్టరు గురించి ఆలోచించింది. ఆలోచిస్తూనే కర్టెను పక్కకి లాగింది.

"నన్నెప్పుడు మానిపించారండీ? పొద్దున టీ ఇచ్చినప్పుడు కూడా చెప్పలేదు?"

ఫ్యూజు తల తిప్పి ముందు ఆవిడ మొహం చూశాడు, తరవాత చెయ్యి చూశాడు. ఎడమచేతి చూపుడువేలి పక్కన ఐరన్ తగిలిన మచ్చలు రెండున్నాయి, ఒకటి పాతది, ఒకటి పచ్చిది.

"అమ్మగారూ... మీరా?"

"నేనే నాయనా. ఇద్దర్ని పంపించి తీసుకెళ్తానన్నావు కదా. ఆ ఇద్దరికీ వంట కూడా వచ్చా?"

మాస్టారు తల ఎత్తలేదు. ఆయన రెండు చేతులూ బల్ల కిందికి పోయాయి. కానీ అంతకుముందే ఫ్యూజు వాటిని చూశాడు. చూసి, చూడనట్టు డబ్బా వైపు తిరిగి, విప్పిన స్క్రూలన్నీ ఒకచోటికి చేర్చడం మొదలుపెట్టాడు. ఆ మర్యాద అతనికి ఎవరూ నేర్పినది కాదు.

"చిన్న గ్లాసు అన్నది అదేనా?" మాస్టారమ్మ అడిగింది. "ఆవేళ చల్లారిపోయింది, మార్చు అన్నారు. అదా?"

మాస్టారు ఒక్క క్షణం ఆగి, "ఊఁ" అన్నారు.

గ్లాసుల భాష ఆవిడ ఫ్యూజుకి చెప్పింది. దీపం, జల్లెడ, అన్నీ. దాచడానికి ఇంకేమీ లేనప్పుడు చెప్పడం సులువుగానే ఉంది.

"అంటే మాస్టారు కండెన్సరు అడిగితే మీరు టీ పోశారా!"

"పంచదార కూడా వేశాను."

ఫ్యూజు కడుపు పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ, "మా సెంటర్లో రకరకాల తప్పులు చూశాను గానీ, ఇలాంటిది తొమ్మిదిమంది కూడబలుక్కున్నా చెయ్యలేరండీ," అన్నాడు. మాస్టారు నవ్వలేదు.

"జరుగు," అంది మాస్టారమ్మ, మాస్టారితో కాదు, ఫ్యూజుతో. కర్టెను వెనకనున్న స్టూలు తెచ్చి ముందు బల్ల దగ్గర వేసుకుంది. అక్కడ కూర్చోవడం అదే మొదలు. వీధి కనపడుతోంది. వెలుతురు లోపలి దీపం కన్నా బాగుంది.

డబ్బాని బల్బు బోర్డు గుండా ప్లగ్గుకి కలిపింది. లోపల ఎక్కడైనా తగలబడితే బల్బు వెలిగి ఆపద చెప్తుంది, డబ్బా మాడదు. కంప్యూటరు స్విచ్చి నొక్కినట్టయ్యేలా ఆకుపచ్చ తీగనీ నల్ల తీగనీ చిన్న తీగ ముక్కతో కలిపింది. డబ్బా లోపలి ఫ్యాను తిరగలేదు. లోపలికి వెళ్లి జుట్టు ఆరబెట్టుకునే డ్రయరు తెచ్చింది. షాకు కొట్టినా గుండె మీదుగా పోకుండా కుడిచెయ్యి వీపు వెనక పెట్టుకుని, ఎడమచేత్తో దూరం నుంచి ఆ మూల మీదికి వేడిగాలి పట్టింది. ముప్ఫై దాకా లెక్కపెట్టింది. నలభై. ఫ్యాను రెక్క ఒకటి కదిలి, తటపటాయించి, గిర్రున తిరిగింది.

"అదీ రోగం," అన్నాడు ఫ్యూజు మెల్లిగా. "డ్రయరు ఎవరు చెప్పారమ్మగారూ?"

"ఎవరు చెప్తారు? వెచ్చబడితే లేస్తుందన్నది నువ్వే కదా. వెచ్చబెట్టాను."

ప్లగ్గు పీకేసింది. అయినా లోపల కరెంటు కాచుకుని ఉంటుంది. బల్బు తీగలు రెండూ అతిపెద్ద కండెన్సరు కాళ్లకి ఆనిస్తే బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. బోర్డు తిరగేసి, పాత టంకం కరిగించి పీల్చేసి, చిన్నదాన్ని ఊడదీసింది. అరచేతిలో అది కొత్తదానిలాగే ఉంది. మీటరు పెడితే ఫ్యూజు పెదవి విరిచాడు.

సొరుగులోంచి కొత్తది తీసి, దాని ఒంటి మీది అంకెలు వీధి వెలుతురులో చదివింది. ఎక్కువ వేడికి ఓర్చుకునే రకమే. తెల్ల చార ఉన్న వైపు మైనస్. చార ఎటుందో చూసుకుని కాళ్లు గుచ్చింది. వంచేటప్పుడు ఆవిడ వేలు ఆగింది. కుడికి వంచవచ్చు. ఎవరికీ తెలియదు. ఎడమకి వంచి టంకం పెట్టింది.

"చల్లగా ఉన్నప్పుడు లేస్తేనే లేచినట్టు," అన్నారు మాస్టారు.

మాస్టారమ్మ డబ్బాని ప్లాస్టిక్ సంచీలో గాలి చొరకుండా చుట్టి, ఫ్రిజ్‌లో పాలగిన్నెకీ నిమ్మకాయలకీ మధ్య పెట్టింది. పావుగంట ముగ్గురూ ముందు గదిలో కూర్చున్నారు. ఫ్యూజు తన పదకొండు ఫ్యూజుల కథ మళ్లీ చెప్పాడు. ఈసారి అవి తొమ్మిదయ్యాయి. పావుగంట తరవాత డబ్బాని బయటికి తీసి, సంచీ మీది చెమ్మ తుడిచి, విప్పి, ప్లగ్గుకి కలిపారు. ఫ్యాను మొదటి క్షణంలోనే తిరిగింది. ఆపి, మళ్లీ పెట్టారు. మళ్లీ తిరిగింది.

ఫ్యూజు డబ్బా మూసి, స్క్రూలు బిగించి, సంచీలో పెట్టుకున్నాడు.

"మాస్టారూ, ఒక్కమాట. చెయ్యి ఎవరిదైతేనేం, చూపు మీది. డబ్బా వంక చూడకుండా రోగం చెప్పారు ఇందాక. ఆ చూపు పోయిందేమోనని భయపడుతూ వచ్చాను, అబద్ధం ఎందుకు. ఇకమీదట మా సెంటర్లో ఎవరికీ లొంగని బోర్డులన్నీ ఇక్కడికే పంపిస్తాను. మీరు చూడండి, అమ్మగారు చేస్తారు. పెద్దాసుపత్రి మెషిన్లు కూడా వస్తున్నాయి మాకు. అవి ఎవడి చేతిలోనో పెట్టలేను. మీరు ఊఁ అంటే వచ్చే వారం నుంచే."

మాస్టారమ్మ షట్టరు వైపు చూడకుండా, మాస్టారి వైపు చూసింది.

"అలాగే పంపు," అన్నారు మాస్టారు.

ఫ్యూజు ఇద్దరికీ చేతులు జోడించి, సంచీ ఊపుకుంటూ వీధి దాటాడు. షట్టరు ఎత్తినది ఎత్తినట్టే ఉంది. మాస్టారమ్మ స్టూలెక్కి కర్టెను రింగులు కొక్కేల్లోంచి తియ్యడం మొదలుపెట్టింది.

"ఇక గ్లాసులూ జల్లెడలూ వద్దండీ. కండెన్సరైతే కండెన్సరనే అనండి, టీ అయితే టీ అనండి. మీరు చక్కగా చెప్పారు, నేను విన్నది తప్పయింది. నా మూలాన మీకు మాటొచ్చింది. అదొక్కటే నాకు-"

"ఆవేళ నేను అడిగింది టీయే."

ఆవిడ చెయ్యి కొక్కెం దగ్గర ఆగింది.

"చల్లారిపోయింది. ఇంకో గ్లాసు ఇమ్మన్నాను. అంతే," అన్నారు మాస్టారు, వీధి వైపు చూస్తూ. "నువ్వు సరిగ్గానే విన్నావు."

"మరి ఇందాక వాడితో-"

"వాడు రోగలక్షణం చెప్పాడు. నోట్లోంచి జవాబు వచ్చేసింది. వచ్చాక, ఆవేళ ఎందుకు చెప్పలేదంటే ఏమనను? ఏదో అన్నాను. నువ్వొచ్చి దానికి ఓ కథ తెచ్చి అతికించావు. అది బాగుంది. ఊరుకున్నాను."

మాస్టారమ్మ స్టూలు దిగింది. సగం ఊడిన కర్టెను ఒక పక్కకి వేలాడింది.

"ఆ కౌంటరు అమ్మాయి ఆవేళే చెప్పింది," ఆయన గొంతులో ఏ మార్పూ లేదు, ఎవరి డబ్బా గురించో చెబుతున్నట్టు ఉంది. "పొద్దున లేవడం లేదండీ, మధ్యాహ్నం లేస్తోందీ అని. విన్నాను. ఊఁ అని కూడా అన్నాను. డబ్బా విప్పి చూసేసరికి ఆ మాట లేదు. ఆ అమ్మాయి నోరు విప్పిందన్న సంగతే లేదు. ఉబ్బినవి కనపడ్డాయి. కనపడ్డవి చెప్పాను."

"మర్చిపోవడం మనుషులన్నాక ఉండేదే. నేను స్టవ్ మీద పాలు మర్చిపోవడం లేదూ?"

"ఒకసారి అయితే నేనూ అలాగే అనుకుందును."

వీధికి ఆ పక్క ఫ్యూజు తన అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్లడం కనపడింది. తలుపు మూసుకుంది.

"ఎన్నిసార్లు?" అంది మాస్టారమ్మ.

మాస్టారు బల్ల కిందినుంచి కుడిచెయ్యి తీసి పైన పెట్టారు. అది వణుకుతోంది. ఇవాళ దాన్ని ఆయన దాచలేదు. చిటికెనవేలు మడిచారు. "స్టూడియో వాళ్లది." ఉంగరపు వేలు మడిచారు. "స్కూలు ఆఫీసుది. బోర్డు నీకిచ్చి, ఏం మార్చమన్నానో నిన్నే అడిగాను, గుర్తుందా? పరీక్ష పెడుతున్నాననుకున్నావు." మధ్యవేలు. చూపుడువేలు. ఒక్కొక్కదానికీ ఒక చోటు పేరు చెప్పారు. బొటనవేలు దగ్గర కాసేపు ఆగి, ఆ పేరు కూడా చెప్పారు.

పిడికిలి నిండింది. మాస్టారు బల్ల కిందినుంచి రెండో చెయ్యి పైకి తీశారు.